సిన్స్, ఫర్: ‘నుంచి’ అన్న ఒక్క మాటను ఇంగ్లీషులో రెండుగా విడదీయడం ఎలా?

ఇంగ్లీషులో కాలాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువాళ్లను ఎక్కువగా తడబెట్టే మాటలు సిన్స్, ఫర్. వ్యాకరణ పుస్తకాలు వీటికి ఒకే సూత్రం చెబుతాయి. ఒక పని ఫలానా సమయంలో మొదలైందని చెప్పడానికి సిన్స్, ఆ పని ఎంతకాలం సాగిందో చెప్పడానికి ఫర్ వాడాలన్నదే ఆ సూత్రం. అందులో తప్పేమీ లేదు. బడిలో చదువుకున్నవాళ్లలో చాలామందికి అది కంఠతా వచ్చు. అయినా సెలవు చీటీలోనో, ఉద్యోగ దరఖాస్తులోనో “సిన్స్ టూ డేస్”, “సిన్స్ లాస్ట్ త్రీ ఇయర్స్” అన్న ప్రయోగాలు వచ్చి కూర్చుంటూనే ఉంటాయి. “సోమవారం నుంచి జ్వరం” అన్నా, “రెండు రోజుల నుంచి జ్వరం” అన్నా తెలుగులో పలికేది ‘నుంచి’ అన్న ఒకే మాట కావడమే దీనికి అసలు కారణం. రాసేవారి మనసులో ‘నుంచి’కి సిన్స్ అని ఒకసారి ముద్ర పడితే, సూత్రం గుర్తుకు వచ్చేలోపే చేయి ఆ మాట రాసేస్తుంది.

అందుచేత ఇంగ్లీషు సూత్రాన్ని పక్కన పెట్టి, తెలుగు వాక్యం దగ్గరే మొదలుపెట్టడం మంచిది. సిన్స్‌కూ ఫర్‌కూ ఉన్న తేడా మన భాషలో లేనిది కాదు. ‘నుంచి’ దాన్ని కప్పేస్తుంది గాని, ‘గా’ అనే చిన్న ప్రత్యయం దాన్ని స్పష్టంగా బయటపెడుతుంది.

‘గా’ పరీక్ష

మీరు రాయదలచిన తెలుగు వాక్యంలో ‘నుంచి’ని తీసి, ఆ స్థానంలో ‘గా’ పెట్టి చదవండి. వాక్యం అదే అర్థంతో నిలబడితే ఇంగ్లీషులో ఫర్ వాడాలి. నిలబడకపోతే సిన్స్ వాడాలి.

“మూడేళ్ల నుంచి సంగీతం నేర్చుకుంటున్నాను” అన్న వాక్యాన్ని “మూడేళ్లుగా సంగీతం నేర్చుకుంటున్నాను” అని నిస్సంకోచంగా మార్చవచ్చు. కాబట్టి అక్కడ “ఫర్ త్రీ ఇయర్స్” అనాలి. “2019 నుంచి సంగీతం నేర్చుకుంటున్నాను” అన్నదాన్ని “2019గా” అని ఎవరూ మార్చలేరు. అక్కడ “సిన్స్ 2019” అనాలి. చాలాకాలం నుంచి, కొన్నాళ్ల నుంచి, ఏడాది నుంచి, తరతరాల నుంచి అన్నవి చాలాకాలంగా, కొన్నాళ్లుగా, ఏడాదిగా, తరతరాలుగా అని సహజంగా మారిపోతాయి కనుక ఇవన్నీ ఫర్ కిందికి వస్తాయి. నిన్నటి నుంచి, సోమవారం నుంచి, చిన్నప్పటి నుంచి, పెళ్లయినప్పటి నుంచి, అప్పటి నుంచి అన్నవి ‘గా’కు లొంగవు కనుక ఇవన్నీ సిన్స్ కిందికి వస్తాయి.

దీని వెనుక ఉన్న తర్కాన్ని ప్రయాణంతో పోల్చి చూడవచ్చు. సిన్స్ మనం బయలుదేరిన చోటును చూపిస్తుంది, ఫర్ మనం నడిచిన దూరాన్ని కొలిచి చెబుతుంది. ‘గా’ ప్రత్యయం కొలతకే అతుకుతుంది గాని బయలుదేరిన చోటుకు అతకదు. తప్పులు ఎక్కువగా దొర్లే “గత రెండేళ్ల నుంచి” లాంటి చోట్ల కూడా ఈ పరీక్ష మోసం చేయదు. “గత రెండేళ్లుగా” అనడం తెలుగులో సహజం కాబట్టి “ఫర్ ద లాస్ట్ టూ ఇయర్స్” అన్నదే సరైనది. లాస్ట్ అన్న మాట కనబడగానే అదేదో గడిచిపోయిన తేదీ అనుకుని సిన్స్ రాసేయడం వల్లనే “సిన్స్ లాస్ట్ టూ ఇయర్స్” అన్న తప్పు పుడుతోంది.

అయితే “సిన్స్ లాస్ట్ వీక్”, “సిన్స్ లాస్ట్ ఇయర్” అన్నవి తప్పు కావు. లాస్ట్ వీక్ అంటే క్రితం వారం, అంటే క్యాలెండర్‌లో వేలు పెట్టి చూపించగల ఒక స్థానం. అంకె గాని, ద అన్న మాట గాని చేరినప్పుడు అది కొలతగా మారుతుంది. “సిన్స్ లాస్ట్ వీక్” అంటే క్రితం వారంలో ఏదో ఒక రోజు మొదలై ఇప్పటిదాకా అని అర్థం. “ఫర్ ద లాస్ట్ వీక్” అంటే గత వారం రోజులుగా, అంటే ఇవాళ్టితో ముగిసే ఏడు రోజులుగా అని అర్థం. ఒక్క ద ఉండటానికీ లేకపోవడానికీ ఇంత తేడా ఉంటుంది కనుక ఇక్కడ తొందరపడకూడదు.

పరీక్షకు ఒక జాగ్రత్త అవసరం. ‘గా’ పెట్టిన తరువాత వాక్యం వ్యాకరణపరంగా నిలబడితే చాలదు, అర్థం కూడా మారకుండా ఉండాలి. “మొదటి నుంచి” అన్నదాన్ని “మొదటిగా” అని మార్చవచ్చు గాని, అప్పుడది “ముందుగా” అన్న వేరే అర్థంలోకి వెళ్లిపోతుంది.

మూడు గంటల నుంచి అంటే ఎప్పటి నుంచి?

“మూడు గంటల నుంచి మీకోసం ఎదురుచూస్తున్నాను” అన్న వాక్యాన్ని కాస్త ఆగి గమనించండి. గడియారం మూడు కొట్టినప్పటి నుంచి ఎదురుచూస్తున్నారా, ఎదురుచూడటం మొదలై మూడు గంటలు గడిచాయా? వాక్యం మటుకే చూస్తే రెండు అర్థాలూ వస్తాయి. మాట్లాడుకునేటప్పుడు వేళను బట్టి, సందర్భాన్ని బట్టి వినేవారు సరైన అర్థాన్నే పట్టుకుంటారు. మొదటి అర్థమే కావాలనుకుంటే “మూడింటి నుంచి” అంటాం, రెండోదే కావాలనుకుంటే “మూడు గంటలుగా” అంటాం.

ఇంగ్లీషులో ఈ సందిగ్ధానికి చోటు లేదు. మొదటిది “ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ యూ సిన్స్ త్రీ ఓక్లాక్”. రెండోది “ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ యూ ఫర్ త్రీ అవర్స్”. రెండో వాక్యంలో ఫర్ రెండుసార్లు వచ్చిందని కంగారుపడనక్కర్లేదు. మొదటి ఫర్ ‘కోసం’ అన్న అర్థంలో వెయిట్ అనే క్రియకు తోడుగా వచ్చింది, రెండోది కాలాన్ని కొలుస్తోంది. “సిన్స్ త్రీ అవర్స్” అంటే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఒక్క క్షణం తికమకపడతారు. సిన్స్ వినగానే వారి మనసు ఒక వేళ కోసమో, తేదీ కోసమో, సంఘటన కోసమో ఎదురుచూస్తుంది, వచ్చేదేమో కొలత.

ఈ ఒక్క వాక్యాన్ని మనసులో నిలుపుకుంటే చాలా తప్పులు తప్పుతాయని నా నమ్మకం. పిల్లలకు నేర్పేటప్పుడు కూడా ముందు పట్టిక రాయించడం కన్నా, “మూడింటి నుంచి”, “మూడు గంటలుగా” అన్న రెండు తెలుగు మాటల మధ్య తేడాను వారి చేతనే చెప్పించడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

క్రియ సంగతి

సరైన మాటను ఎంచుకున్నంత మాత్రాన వాక్యం సరైనది కాదు. సగం తప్పులు క్రియలో ఉంటాయి. “2019 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను” అని తెలుగులో వర్తమాన కాలంలో చెబుతాం. దాన్ని అలాగే దించితే “ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019” అవుతుంది. ఇక్కడ సిన్స్ సరైనదే, యామ్ సరైనది కాదు. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనిని చెప్పడానికి ఇంగ్లీషులో హ్యావ్ గాని హ్యాజ్ గాని రావాలి. “ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019” అన్నది సరైన వాక్యం.

తెలియడం, ఉండటం, నమ్మడం, ఇష్టపడటం వంటి స్థితులను చెప్పే క్రియలకు సాధారణంగా బీన్, ఇంగ్ రూపం రాదు. “ఆయన నాకు పదేళ్లుగా తెలుసు” అన్నదాన్ని “ఐ నో హిమ్ ఫర్ టెన్ ఇయర్స్” అని గాని, “ఐ హ్యావ్ బీన్ నోయింగ్ హిమ్” అని గాని అనకూడదు. “ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్” అనాలి.

సెలవు చీటీలలో తరచుగా కనిపించే “ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్” అన్న వాక్యాన్ని ఇప్పుడు విడదీసి చూద్దాం. “రెండు రోజుల నుంచి” అన్నది “రెండు రోజులుగా” అని మారుతుంది కాబట్టి సిన్స్ పోయి ఫర్ వస్తుంది. జ్వరం ముందే మొదలై ఇంకా ఉంది కాబట్టి యామ్ పోయి హ్యావ్ బీన్ వస్తుంది. అప్పుడు “ఐ హ్యావ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ టూ డేస్” అవుతుంది. వ్యాకరణం ఇక్కడికి చక్కబడింది. అయితే రెండు రోజుల జ్వరానికి సఫరింగ్ కొంచెం బరువైన మాట కనుక “ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్” అంటే ఇంకా సహజంగా ఉంటుంది. జ్వరం మొదలైన రోజునే చెప్పదలిస్తే “సిన్స్ మండే” అని ముగించవచ్చు, మిగతా వాక్యం ఏమీ మారదు.

సిన్స్ ఈ హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ రూపాలతో గట్టిగా ముడిపడి ఉంటుంది. ఫర్‌కు అటువంటి బంధం లేదు. ఏ కాలంలోని వ్యవధినైనా అది కొలుస్తుంది. జరిగిపోయిన దానికీ, జరుగుతున్న దానికీ, జరగబోయే దానికీ కూడా ఫర్ పనికివస్తుంది. ఈ స్వేచ్ఛ వల్లనే ఫర్ దగ్గర క్రియ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇక్కడ తెలుగు మరోసారి సాయపడుతుంది. ‘గా’తో పాటు మనకు ‘పాటు’ అన్న మాట కూడా ఉంది. “పదేళ్లుగా పనిచేస్తున్నాను” అంటే ఇంకా పనిచేస్తున్నానని. “పదేళ్లపాటు పనిచేశాను” అంటే ఆ పని ముగిసిందని. రెండింటికీ ఇంగ్లీషులో “ఫర్ టెన్ ఇయర్స్” అనే అంటారు, తేడా అంతా క్రియ మోస్తుంది. మొదటిది “ఐ హ్యావ్ వర్క్‌డ్ ఫర్ టెన్ ఇయర్స్”, రెండోది “ఐ వర్క్‌డ్ ఫర్ టెన్ ఇయర్స్”. ఉద్యోగ దరఖాస్తులో ఈ హ్యావ్ పొరపాటున జారిపోతే, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగాన్ని ఎప్పుడో మానేశారని చదివేవారు అనుకునే ప్రమాదం ఉంది.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. “ఐ యామ్ హియర్ ఫర్ త్రీ డేస్” అని ఎవరైనా అంటే, తెలుగు అలవాటు చొప్పున “మూడు రోజులుగా ఇక్కడున్నాను” అని అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషులో ఆ మాటకు సాధారణంగా వచ్చే అర్థం “నేను ఇక్కడ మూడు రోజులు ఉంటాను” అని, అంటే మొత్తం మకాం మూడు రోజులని. వచ్చి మూడు రోజులైందని చెప్పాలంటే “ఐ హ్యావ్ బీన్ హియర్ ఫర్ త్రీ డేస్” అనాలి. ప్రశ్నల్లోనూ ఇంతే. “హౌ లాంగ్ ఆర్ యూ హియర్ ఫర్?” అంటే ఎన్నాళ్లుంటారని, “హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ హియర్?” అంటే ఎన్నాళ్లుగా ఉంటున్నారని. వీసా అధికారి ఎదుటో, విమానాశ్రయంలోనో ఈ రెండింటినీ తారుమారు చేసి జవాబు చెబితే అనవసరమైన వివరణలు ఇచ్చుకోవలసి వస్తుంది. వ్యాకరణంగా రెండు వాక్యాలూ ఒప్పే కనుక మనం పొరబడ్డామని ఎదుటివారికి అనుమానం కూడా రాదు, అందుకే ఇది మామూలు తప్పుకన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ప్రశ్నల ప్రస్తావన వచ్చింది కాబట్టి, “ఎంతకాలం నుంచి” అన్నదాన్ని “సిన్స్ హౌ లాంగ్” అనో “ఫ్రమ్ హౌ లాంగ్” అనో దించకూడదు. “హౌ లాంగ్” ఒక్కటే చాలు. “సిన్స్ వెన్” అన్న ప్రయోగం ఉంది గాని, సంభాషణలో అది “ఎప్పటి నుంచేమిటి?” అన్నట్టు ఆశ్చర్యాన్నో ఆక్షేపణనో ధ్వనించగలదు. పెద్దలను, కొత్తవారిని అడిగేటప్పుడు “హౌ లాంగ్” అనడమే మర్యాద.

కొలత ఉన్నా సిన్స్ వచ్చే చోటు

“ఆయన్ను చూసి రెండేళ్లయింది” అన్నది మనకు చాలా సహజమైన వాక్యం. దీన్ని ఇంగ్లీషులో “ఇట్ ఈజ్ టూ ఇయర్స్ సిన్స్ ఐ సా హిమ్” అని గాని, “ఇట్ హ్యాజ్ బీన్ టూ ఇయర్స్ సిన్స్ ఐ సా హిమ్” అని గాని అంటారు. రెండేళ్లన్న కొలత, సిన్స్ అన్న మాట పక్కపక్కనే కనబడటంతో “సిన్స్ టూ ఇయర్స్” కూడా ఒప్పేనేమో అన్న అపోహ కలుగుతుంది. పరిశీలించి చూస్తే సిన్స్ ఇక్కడ కూడా తన పనే చేస్తోంది. దాని తరువాత వచ్చింది రెండేళ్లు కాదు, “చూశాను” అన్న సంఘటన. కొలత సిన్స్‌కు ముందు ఉంది. సిన్స్ తరువాత ఏముందన్నదే ఎప్పుడూ చూసుకోవాలి. సంఘటనను చెప్పే ఆ భాగంలో మామూలు భూతకాల క్రియే రావాలని కూడా గుర్తుంచుకోవాలి.

అదే విషయాన్ని వ్యతిరేకార్థంలో చెబితే రెండు మాటలూ మామూలుగానే పనిచేస్తాయి. “రెండేళ్లుగా ఆయన్ను చూడలేదు” అంటే “ఐ హ్యావ్ నాట్ సీన్ హిమ్ ఫర్ టూ ఇయర్స్”, “2022 నుంచి చూడలేదు” అంటే “ఐ హ్యావ్ నాట్ సీన్ హిమ్ సిన్స్ 2022”. ఇటువంటి వ్యతిరేక వాక్యాలలో అమెరికన్లు ఫర్ బదులు ఇన్ కూడా వాడతారు. “ఇన్ టూ ఇయర్స్” అని విన్నప్పుడు అది వేరే అర్థమని అనుకోనక్కర్లేదు.

అన్వయ వాక్యాలలో, అంటే పని జరిగిందని చెప్పే వాక్యాలలో ఫర్‌ను తరచుగా వదిలేస్తారు. “ఐ హ్యావ్ లివ్‌డ్ హియర్ టెన్ ఇయర్స్” అన్నా సరిపోతుంది. ఆల్ డే, ఆల్ మై లైఫ్ వంటి వాటికి ముందు ఫర్ అసలే రాదు. సిన్స్‌ను మాత్రం ఎక్కడా వదిలేయడానికి వీల్లేదు.

ఫ్రమ్ ఎక్కడ?

‘నుంచి’కి ఇంగ్లీషులో మూడో రూపం కూడా ఉంది. సిన్స్ ఎప్పుడూ వెనక్కే చూస్తుంది. గతంలోని ఒక స్థానం నుంచి ఇప్పటిదాకా, లేదా గతంలోనే మరొక సమయందాకా అన్నదే దాని పరిధి. అందువల్ల “రేపటి నుంచి”, “వచ్చే నెల నుంచి”, “ఇకనుంచి” అన్న చోట్ల సిన్స్‌కు ప్రవేశం లేదు. “ఫ్రమ్ టుమారో”, “ఫ్రమ్ నెక్స్ట్ మంత్”, “ఫ్రమ్ నౌ ఆన్” అనాలి. “పొద్దున్నుంచి సాయంత్రం దాకా” అన్నట్టు రెండు కొసలూ చెప్పినప్పుడు కూడా “ఫ్రమ్ మార్నింగ్ టిల్ ఈవెనింగ్” అనాలి గాని “సిన్స్ మార్నింగ్ టిల్ ఈవెనింగ్” అనకూడదు. సాయంత్రం అన్న హద్దు లేకుండా “పొద్దున్నుంచి ఒకటే వాన” అంటే అది సిన్స్‌కు తగిన వాక్యం. అక్కడ “సిన్స్ దిస్ మార్నింగ్” అంటే మరింత నిండుగా ఉంటుంది. పైన చెప్పిన “మొదటి నుంచి” కూడా ఎక్కువగా “ఫ్రమ్ ద బిగినింగ్” అనే అవుతుంది.

దుకాణాల బోర్డుల మీద “సిన్స్ 1985” అని రాయడం సరైనదే. “1985 నుంచి నడుస్తున్నది” అని దాని భావం. కాని “ఎస్టాబ్లిష్‌డ్ సిన్స్ 1985” అని రాయకూడదు. స్థాపించడం ఒక్కసారి జరిగి ముగిసే పని, అది ఏళ్ల తరబడి సాగదు. అక్కడ “ఎస్టాబ్లిష్‌డ్ ఇన్ 1985” అనాలి.

కారణాన్ని చెప్పే సిన్స్

సిన్స్‌కు ‘కాబట్టి, కనుక’ అన్న అర్థం కూడా ఉంది. “సిన్స్ ఇట్ వాజ్ రెయినింగ్, వుయ్ స్టేడ్ అట్ హోమ్” అంటే వాన పడుతోంది కనుక ఇంట్లోనే ఉన్నామని. ‘ఆ తరువాత’ అన్న అర్థమిచ్చే ప్రాచీన ఇంగ్లీషు మాట నుంచి సిన్స్ పుట్టింది. ఒకదాని తరువాత జరిగినదాన్ని దాని వల్లనే జరిగినట్టు భావించడం మనుషులకు అలవాటు కాబట్టి కాలార్థం నుంచి కారణార్థం రావడంలో వింతేమీ లేదు. ఫర్‌కు కూడా ‘ఎందుకంటే’ అన్న అర్థం ఉంది గాని అది ఇప్పుడు ఎక్కువగా సాహిత్య శైలికే పరిమితమైంది. ఉత్తరాలలో, నివేదికలలో దాన్ని వాడవలసిన అవసరం రాదు.

రాతలో జాగ్రత్త పడవలసింది సిన్స్ విషయంలోనే. “సిన్స్ షీ లెఫ్ట్, ద ఆఫీస్ హ్యాజ్ బీన్ క్వైట్” అన్న వాక్యానికి “ఆమె వెళ్లినప్పటి నుంచి ఆఫీసు నిశ్శబ్దంగా ఉంది” అని గాని, “ఆమె వెళ్లిపోయింది కనుక నిశ్శబ్దంగా ఉంది” అని గాని అర్థం చెప్పుకోవచ్చు. ఇలా రెండర్థాలు వచ్చే చోట కాలం ఉద్దేశమైతే “ఎవర్ సిన్స్” అనీ, కారణం ఉద్దేశమైతే “బికాజ్” అనీ రాస్తే చదివేవారికి శ్రమ ఉండదు.

ఒక పేరాతో సాధన

విడివిడి వాక్యాలతో ఖాళీలు పూరించడం కన్నా ఒక చిన్న పేరాను పూర్తిగా ఇంగ్లీషులో రాయడం మంచి సాధన. ఈ కింది నాలుగు వాక్యాలను ముందు మీరే రాసి, తరువాత పోల్చి చూసుకోండి. “ఆయన పదేళ్లపాటు అధ్యాపకుడిగా పనిచేసి 2018లో ఆ ఉద్యోగం మానేశారు. అప్పటి నుంచి వ్యవసాయం చేస్తున్నారు. రెండేళ్ల నుంచి మోకాళ్లు ఇబ్బంది పెడుతున్నాయి. వచ్చే నెల నుంచి ఇంట్లోనే విశ్రాంతి తీసుకుంటారు.”

మొదటి వాక్యంలో ‘పాటు’ ఉంది, పని ముగిసింది. కాబట్టి “హీ వర్క్‌డ్ యాజ్ ఎ లెక్చరర్ ఫర్ టెన్ ఇయర్స్ అండ్ లెఫ్ట్ ద జాబ్ ఇన్ 2018” అవుతుంది. రెండో వాక్యంలోని “అప్పటి నుంచి” ‘గా’కు లొంగదు, వ్యవసాయం ఇంకా సాగుతోంది. కాబట్టి “హీ హ్యాజ్ బీన్ ఫార్మింగ్ సిన్స్ దెన్”. మూడో వాక్యంలోని “రెండేళ్ల నుంచి” అన్నది “రెండేళ్లుగా” అవుతుంది, ఇబ్బంది తీరలేదు. కాబట్టి “హిజ్ నీస్ హ్యావ్ బీన్ ట్రబ్లింగ్ హిమ్ ఫర్ టూ ఇయర్స్”. నాలుగో వాక్యం ముందుకు చూస్తోంది కనుక అందులో సిన్స్‌కు పని లేదు, ఎంతకాలమన్న కొలత లేదు కనుక ఫర్‌కూ పని లేదు. “హీ విల్ రెస్ట్ అట్ హోమ్ ఫ్రమ్ నెక్స్ట్ మంత్” అని రాయాలి. ఇందులో ఏదైనా తేడా వస్తే ఇంగ్లీషు వాక్యాన్ని దిద్దే ముందు, తెలుగు వాక్యంలో ‘నుంచి’ స్థానంలో ‘గా’ పెట్టి మరోసారి పైకి చదవండి.